నెత్తురా, చెమటా?

1993 డిసెంబరు 9. వాషింగ్టన్‌లో అమెరికా సెనేట్ విచారణ. తెర మీద ఒక వీడియో ఆట. గెలిచినవాడు ఓడినవాడి గుండెను వట్టి చేత్తో పెరికి పైకెత్తుతున్నాడు. ఇంకొకడు తలను వెన్నుపూసతో సహా ఊడబెరుకుతున్నాడు. అది మోర్టల్ కాంబాట్. షికాగోలోని మిడ్‌వే కంపెనీ 1992లో తయారు చేసింది. బొమ్మలు గీయకుండా నటుల్నే వీడియో తీసి ఆటలోకి ఎక్కించారు. చూసినవాళ్ల ఒళ్లు జలదరించడానికి అదొక కారణం.

అమెరికాలో ఈ గోల కొత్తదేమీ కాదు. 1976లో ఎగ్జిడీ సంస్థ డెత్ రేస్ అనే నలుపు తెలుపు ఆట తెచ్చింది. కారుతో చిన్న బొమ్మను గుద్దితే కీచుమని అరిచి శిలువ గుర్తుగా మారేది. నెత్తురు చుక్క లేదు. అయినా పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ దుమ్ముతో పాటే అమ్మకాలూ లేచాయి.

అసలు ముచ్చట మాత్రం మోర్టల్ కాంబాట్ ఇళ్లలోకి వచ్చిన తీరులో ఉంది. విచారణకు మూడు నెలల ముందు, సెప్టెంబరు 13న, అది నింటెండో, సెగా యంత్రాలకు ఒకేసారి విడుదలైంది. నింటెండోకు పరువు ముఖ్యం. ఎర్ర నెత్తురు తీయించి, ఆ చోట బూడిదరంగు చెమట చిందించింది. ముఖం పగిలేలా గుద్దితే చెమట పట్టడమేమిటో! సెగా ఇంకో దారి తొక్కింది. నెత్తురు ఉంది, కానీ దాచి ఉంది. ఏ, బీ, ఏ, సీ, ఏ, బీ, బీ అని వరసగా ఏడుసార్లు మీటలు నొక్కితే బయటపడుతుంది. తాళం వేసి చెవిని గుమ్మం మీదే పెట్టడమన్నమాట. ఆ వరస ఎలిమెంటరీ స్కూలు పిల్లలకూ కంఠతా వచ్చేసింది. రాకపోయింది ఒక్క అమ్మానాన్నలకే. నెత్తురున్న సెగా ఆటే ఎక్కువ అమ్ముడైంది.

విచారణ నడిపింది సెనేటర్లు జో లీబర్‌మన్, హెర్బ్ కోల్. నింటెండో తరఫున హోవర్డ్ లింకన్, సెగా తరఫున బిల్ వైట్ వచ్చి, సెనేటర్లకు బదులు చెప్పడం పక్కన పెట్టి ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్నారు. నైట్ ట్రాప్ అనే మరో ఆట తమ యంత్రం మీదికి ఎన్నటికీ రాదన్నాడు లింకన్. 2018లో నింటెండో స్విచ్ మీదికి అదీ వచ్చింది.

మీరే కట్టడి చేసుకోండి, లేదంటే చట్టం తెస్తామన్నారు సెనేటర్లు. 1994లో పరిశ్రమే ఈఎస్ఆర్‌బీ అనే రేటింగ్ బోర్డు పెట్టుకుంది. ఆ ఏడే మోర్టల్ కాంబాట్ రెండో భాగం ఇళ్లలోకి వచ్చింది. నింటెండో డబ్బా మీద ఒక హెచ్చరిక అతికించి, లోపల చెమట మాని నెత్తురే పోసింది. ఇక చూసుకోవాల్సిన పూచీ డబ్బా కొనేవాళ్లది.

కాలిఫోర్నియాకు ఇది చాల్లేదు. హింసాత్మక ఆటలు మైనర్లకు అమ్మకూడదంటూ 2005లో చట్టం చేసింది. సంతకం పెట్టిన గవర్నరు ఎవరనుకున్నారు? టెర్మినేటర్ హీరో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గరే! 2011లో సుప్రీంకోర్టు 7-2తో ఆ చట్టాన్ని కొట్టేసింది. ముసలి మంత్రగత్తెను పిల్లలే పొయ్యిలోకి తోసే కథ మనం చెప్పుకుంటూనే ఉన్నాంగా అని తీర్పులో గుర్తుచేశారు జస్టిస్ స్కాలియా.

మన దగ్గర 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ మీద నిషేధం పడింది. కారణం హింస కాదు, దేశభద్రత. మరుసటి ఏడాది అది బీజీఎంఐగా కొత్త వేషం కట్టింది. తూటా తగిలితే ఈసారి ఆకుపచ్చ చుక్కలు చిందాయి. పద్దెనిమిది నిండనివాళ్లకు రోజుకు మూడు గంటలే ఆట, అదీ అమ్మానాన్నల ఫోన్ నంబరు ఇస్తేనే అన్నారు. ఇంతకీ వయసెంతో చెప్పాల్సింది ఆడేవాడే. ఏడు మీటలు కూడా అక్కర్లేదు, ఒక్కటి చాలు.