అరవై దాటాక ఆరోగ్య బీమా.. ప్రీమియం కన్నా షరతులే ముఖ్యం

ఏలూరు: ఉద్యోగ విరమణతో ఆదాయం తగ్గుతుంది. ఆసుపత్రి ఖర్చు పెరిగేదీ ఆ వయసులోనే. కంటి శుక్లాలు, మోకాలి కీలు మార్పిడి, గుండెకు స్టెంటు.. ఇలా ఏదో ఒక అవసరంతో జిల్లా నుంచి విజయవాడ, హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్లే పెద్దలు ఎందరో ఉన్నారు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రుల పేరిట అక్కడి నుంచే ఇంటర్నెట్‌లో పాలసీ కొంటున్నారు. ఊళ్లో ఉన్నవారు తెలిసిన ఏజెంటు చూపిన చోట సంతకం చేస్తున్నారు. పాలసీ ఎవరి కోసమో ఆ వ్యక్తిని కూర్చోబెట్టి ఆరోగ్య వివరాలు అడగకపోవడం ఈ రెండు పద్ధతులలోనూ కనిపించే లోపం. ప్రీమియం ఎంత అన్నది మాత్రమే చూసి తీసుకున్న పాలసీలో ఏముందో ఆసుపత్రి బిల్లు చేతికి వచ్చిన రోజున గానీ తెలియడం లేదు. ఈ నేపథ్యంలో వృద్ధుల ఆరోగ్య బీమా ఎంపికలో, నమోదులో గమనించాల్సిన అంశాలివి.

తొలగిన వయోపరిమితి

కనీసం 65 ఏళ్ల వయసు వరకు కొత్తవారిని చేర్చుకోవాలని గతంలో నిబంధన ఉండేది. దీంతో ఆ వయసు దాటినవారికి పాలసీ దొరకడం కష్టమయ్యేది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) తెచ్చిన కొత్త నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం బీమా సంస్థలు అన్ని వయసుల వారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలి. అయితే దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ పాలసీ ఇచ్చి తీరాలన్నది దీని అర్థం కాదు. ఆరోగ్య పరీక్షల ఫలితాలను బట్టి ప్రీమియం పెంచే లేదా నిరాకరించే అధికారం సంస్థకు ఉంటుంది. నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలి.

ముందుగా ఉన్నవేమిటో చూసుకోవాలి

కొత్త పాలసీ కొనేముందు ఇప్పటికే అందుబాటులో ఉన్న రక్షణను లెక్క వేసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్‌ఎస్), కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ ఉన్నాయి. ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాలకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తాయి.

ఇవి కాక 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు ఉచిత చికిత్స అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డులను కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. దంపతులిద్దరూ 70 దాటినవారైతే ఆ రూ.5 లక్షలను కలిసి వాడుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా ఈ కార్డుకు అర్హులే. ఇందులో పాత జబ్బులకు వేచి ఉండాల్సిన గడువు లేదు. కాకపోతే పథకంలో చేరిన ఆసుపత్రులలోనే చికిత్స లభిస్తుంది. తమకు నమ్మకమున్న ఆసుపత్రి ఆ జాబితాలో లేనివారికి, 60-70 ఏళ్ల మధ్య ఉండి ఏ పథకమూ వర్తించనివారికి ప్రైవేటు పాలసీ అవసరం ఎక్కువ.

పిల్లల కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమాలో తల్లిదండ్రుల పేర్లు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. ఉద్యోగం మారిన రోజున ఆ రక్షణ పోతుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉంటుంది కాబట్టి ఉద్యోగం విడిచే ముందే దరఖాస్తు చేయాలి.

దాచిన జబ్బే దావాకు దెబ్బ

క్లెయిములు తిరస్కరణకు గురయ్యే ముఖ్య కారణాలలో ఆరోగ్య వివరాలను దాచడం ఒకటి. రక్తపోటు, మధుమేహం ఉన్నాయని రాస్తే ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ రాదనో భయంతో దరఖాస్తులో 'లేదు' అని రాసేవారున్నారు. పెద్దలకు తెలియకుండానే ఏజెంటు అలా నింపే సందర్భాలూ ఉంటాయి. దూరాన ఉన్న పిల్లలకు తండ్రి రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారో తెలియకపోవడం మరో కారణం.

ఈ దాపరికం ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే బయటపడుతుంది. 'షుగరు ఎన్నాళ్ల నుంచి ఉంది' అని డ్యూటీ డాక్టరు అడుగుతారు. 'పదేళ్ల నుంచి' అని రోగి చెప్పిన సమాధానం కేసు షీటులో నమోదవుతుంది. క్లెయిం వచ్చినపుడు బీమా సంస్థ ఆ కాగితాన్ని, పాలసీ దరఖాస్తును పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెండూ సరిపోలకపోతే క్లెయిం నిరాకరించడమే కాక పాలసీనే రద్దు చేసే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి కట్టిన ప్రీమియం అక్కరకు రాకుండా పోతుంది.

నిజం రాసినవారికి నష్టం పరిమితం. ముందునుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు వేచి ఉంటే చాలు. 2024కు ముందు ఈ గడువు 48 నెలల వరకు ఉండేది. ఆ తర్వాత ఆ జబ్బులకూ పాలసీ వర్తిస్తుంది. పాలసీ వరుసగా 60 నెలలు కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, వివరాలు వెల్లడించలేదన్న కారణంతో క్లెయిం తిరస్కరించడానికి వీల్లేదు. మధ్యలో బీమా మొత్తం పెంచుకుంటే, పెంచిన భాగానికి ఈ లెక్క కొత్తగా మొదలవుతుంది.

మరో రెండు గడువులు

పాలసీ తీసుకున్న తొలి 30 రోజులలో ప్రమాదాలకు తప్ప ఇతర చికిత్సలకు బీమా వర్తించదు. శుక్లాలు, హెర్నియా, కీళ్ల మార్పిడి వంటి కొన్ని చికిత్సలకు జబ్బు కొత్తగా వచ్చినా సరే నిర్ణీత కాలం ఆగాలి. అనేక పాలసీలలో ఇది 24 నెలలు. వచ్చే వేసవిలో మోకాలి ఆపరేషన్ చేయించుకుందామని ఇప్పుడు పాలసీ తీసుకుంటే ప్రయోజనం ఉండదు. ఆరోగ్యంగా ఉన్నపుడే, వీలైతే 60 ఏళ్లు నిండకముందే చేరితే అవసరం వచ్చేనాటికి ఈ గడువులన్నీ పూర్తవుతాయి.

బిల్లులో కోత ఎలా పడుతుంది?

వృద్ధుల పాలసీలలో ప్రధానంగా చూడాల్సిన షరతులు రెండు. మొదటిది గది అద్దె పరిమితి. రెండోది కో-పేమెంట్, అంటే ఆమోదించిన ప్రతి క్లెయింలో పాలసీదారు తన చేతి నుంచి భరించాల్సిన శాతం. ఈ రెండూ కలిసినపుడు బిల్లు ఎలా మారుతుందో ఒక ఉదాహరణ చూడవచ్చు.

రూ.5 లక్షల పాలసీలో రోజు గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే రూ.5 వేలు, కో-పేమెంట్ 20 శాతం అనుకుందాం. రోగి రూ.8 వేల గదిలో 5 రోజులు ఉన్నారు. మొత్తం బిల్లు రూ.3 లక్షలు అయింది. అందులో గది అద్దె రూ.40 వేలు, శస్త్రచికిత్స, వైద్యుల ఫీజు, ఆపరేషన్ థియేటర్ తదితరాలు రూ.1.60 లక్షలు, మందులు, పరీక్షలు, ఇంప్లాంటు రూ.లక్ష.

* గది అద్దెలో రూ.25 వేలే ఆమోదిస్తారు.
* రోగి తీసుకున్న గదికి, పాలసీ అనుమతించిన గదికి నిష్పత్తి 8:5 కాబట్టి వైద్యుల ఫీజు తదితరాలనూ అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. రూ.1.60 లక్షలకు రూ.లక్షే వస్తుంది.
* మందులు, పరీక్షలు, ఇంప్లాంటుపై ఈ నిష్పత్తి కోత ఉండకూడదు. రూ.లక్ష పూర్తిగా లెక్కలోకి వస్తుంది.
* ఆమోదించిన మొత్తం రూ.2.25 లక్షలు. అందులో 20 శాతం, అంటే రూ.45 వేలు కో-పేమెంట్ కింద పోతుంది. సంస్థ చెల్లించేది రూ.1.80 లక్షలు.

రూ.5 లక్షల పాలసీ ఉండి, బిల్లు రూ.3 లక్షలే అయినా ఇంటివారు రూ.1.20 లక్షలు కట్టుకోవాల్సి వచ్చింది. రోజుకు రూ.3 వేలు ఎక్కువైన గది వల్లనే ఈ బిల్లులో రూ.75 వేలు లెక్కకు రాకుండా పోయింది. అందువల్ల గది అద్దె పరిమితి లేని పాలసీకి ప్రాధాన్యం ఇవ్వాలి. పరిమితి ఉన్న పాలసీ చేతిలో ఉంటే ఆసుపత్రిలో చేరేటపుడే ఆ ధరకు లోబడిన గది అడగాలి. కో-పేమెంట్ ఉంటే ప్రీమియం తగ్గుతుంది గానీ, ఆ శాతానికి తగిన సొమ్ము బ్యాంకులో విడిగా ఉంచుకోగలిగినవారికే అది అనువైనది. శుక్లాలు, మోకాలి మార్పిడి వంటి వాటికి విడిగా పరిమితులు ఉన్నాయేమో కూడా చూసుకోవాలి.

ఖర్చు తగ్గించుకునే మార్గాలు

కుటుంబమంతటికీ ఒకే ఫ్లోటర్ పాలసీ తీసుకుంటే సాధారణంగా అందరిలో పెద్ద వయసు వారిని బట్టి ప్రీమియం నిర్ణయిస్తారు. కాబట్టి తల్లిదండ్రులకు విడిగా తీసుకోవడం మేలు. పెద్ద మొత్తానికి పాలసీ భారమైతే చిన్న పాలసీపై సూపర్ టాపప్ జోడించవచ్చు. ఏడాదిలో బిల్లులన్నీ కలిపి నిర్ణీత మొత్తం దాటాక ఇది పనిచేస్తుంది. ఆ మొత్తం రూ.3 లక్షలుగా ఉండి, బిల్లులు రూ.5 లక్షలైతే మొదటి రూ.3 లక్షలు మూల పాలసీ నుంచి గానీ చేతి నుంచి గానీ చెల్లించాలి. మిగిలిన రూ.2 లక్షలు షరతులకు లోబడి సూపర్ టాపప్ నుంచి వస్తాయి.

వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించారు. వృద్ధుల ప్రీమియంను తమను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతం కన్నా పెంచరాదని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో సంస్థలను ఆదేశించింది. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారు వృద్ధుల ప్రీమియంపై ఏడాదికి రూ.50 వేల వరకు మినహాయింపు పొందవచ్చు. ప్రీమియం నగదుగా కడితే ఈ మినహాయింపు రాదు. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఇది వర్తించదు.

నమోదు ఇలా..

ఆధార్, పాన్, ఫొటోలు, బ్యాంకు ఖాతా వివరాలు, నామినీ పేరు సిద్ధం చేసుకోవాలి. చాలామంది పెద్దల ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1గానే ఉంటుంది. పాన్‌లో మరో తేదీ ఉంటే ముందే సరిచేయించుకోవాలి. పాత డిశ్చార్జి పత్రాలు, మందుల చీటీలు, గతంలో జరిగిన ఆపరేషన్ల వివరాలు తేదీల వారీగా ఒక కాగితంపై రాసుకుని, దాని ప్రకారమే దరఖాస్తు నింపాలి. పిల్లలు దూరం నుంచి నింపుతుంటే ప్రతి ప్రశ్ననూ ఫోనులో అమ్మానాన్నలకు చదివి వినిపించి జవాబు రాయాలి. ఖాళీ దరఖాస్తుపై సంతకం చేయరాదు. సంస్థ వైద్య పరీక్షలు అడిగితే వెనకాడరాదు. ఆ ఫలితాలు తర్వాత పాలసీదారుకే ఆధారంగా నిలుస్తాయి.

పాలసీ అందాక అందులోని దరఖాస్తు నకలులో ఆరోగ్య వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. ముఖ్య షరతులను సరళంగా తెలిపే వినియోగదారు సమాచార పత్రాన్ని కోరితే తెలుగులో ఇవ్వాలి. నచ్చకపోతే పాలసీ అందిన 30 రోజులలోగా తిప్పి పంపవచ్చు. కొంత మినహాయించుకుని మిగతా ప్రీమియం వాపసు చేస్తారు. జిల్లాలోనూ, పిల్లలు ఉండే నగరంలోనూ నగదు రహిత చికిత్స అందించే ఆసుపత్రుల జాబితా దగ్గర ఉంచుకోవాలి.

గడువులోగా రెన్యువల్ చేస్తే వయసు పెరిగిందనో, గతంలో క్లెయిం తీసుకున్నారనో పాలసీని నిలిపివేయడానికి వీల్లేదు. సంస్థ సేవలు నచ్చకపోతే పూర్తయిన గడువులు కోల్పోకుండా మరో సంస్థకు మారవచ్చు. ఇందుకు రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు చేయాలి. కొత్త సంస్థ అంగీకరించేదాకా పాత పాలసీని వదులుకోరాదు.

నిరాకరిస్తే ఎవరిని అడగాలి?

నగదు రహిత చికిత్సకు వినతి అందిన గంటలోగా, డిశ్చార్జి సమయంలో 3 గంటలలోగా సంస్థ నిర్ణయం తెలపాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. క్లెయిం తిరస్కరిస్తే ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తీసుకోవాలి. ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ కార్యాలయ పరిధిలోనివే. రూ.50 లక్షల వరకు వివాదాలను ఇక్కడ విచారిస్తారు. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. సంస్థ నిరాకరించిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు కూడా ఉంటుంది.

ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల విభాగం 'బీమా భరోసా' టోల్‌ఫ్రీ నంబర్లు: 155255, 1800 4254 732.