రష్యా, ఆంగ్ల పరిశోధనా శైలులు – తెలుగు వేదాంత విద్యార్థి

పరిశోధనా వ్యాసాలు దిద్దేవారు అంచులో తరచుగా వ్రాసే మాట "విషయానికి రావాలి" అన్నది. అయితే విషయానికి ఎప్పుడు రావాలి, ఏ దారిన రావాలి అన్నది అన్ని భాషలకు ఒక్కటి కాదు. చెరుకుపల్లి, రేపల్లె, తెనాలి ప్రాంతాల నుండి వేదాంత విద్యకు వెళ్లే మన విద్యార్థి తెలుగులో ఆలోచించి, ఆంగ్ల పద్ధతిలో వ్రాయవలసి వస్తుంది. ఆ పద్ధతి అలవడక తనకు తెలివి లేదనుకొని క్రుంగిపోయేవారున్నారు. కనుక ఈ శైలుల చరిత్రను పరిశీలిద్దాం.

1. ఆంగ్ల శైలి

ముందుగా తన వాదన చెప్పి, పేరాకు ఒక ఆధారం చొప్పున చూపి, చివర తేల్చి చెప్పడం నేటి ఆంగ్ల పద్ధతి. ఇది ఆంగ్లేయులకు పుట్టుకతో వచ్చినది కాదు. లండన్‌లో రాయల్ సొసైటీ 1660లో ఏర్పడింది. 1667లో దాని చరిత్ర వ్రాసిన థామస్ స్ప్రాట్, ఆ సభవారు అలంకారాలను విడిచి, పండితుల మాట కంటె చేతిపనివారి, పల్లెవారి, వర్తకుల మాటనే ఎంచుకున్నారని మెచ్చుకొన్నాడు. ఈయన తరువాత రాచెస్టర్ బిషప్పు అయ్యాడు.

2. రష్యా శైలి

1724లో పీటర్ చక్రవర్తి ఆజ్ఞతో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో విజ్ఞాన అకాడమీ ఏర్పడింది. తొలి ఆచార్యులలో అధికులు జర్మన్ భాష మాట్లాడేవారు. తొలి సంపుటాలు లాటిన్‌లో వెలువడ్డాయి. జర్మనీలో చదివి వచ్చిన లొమొనోసోవ్ 1750వ దశకం చివర మూడు శైలులను వివరిస్తూ, ఆరాధన భాషయైన చర్చి స్లావోనిక్ మాటలకు ఉన్నత శైలిలో చోటిచ్చాడు. దీర్ఘ వాక్యాలు, నామపదాల బరువు, "నేను" అనక "మేము" అనడం, అంశపు పూర్వచరిత్రతో ఆరంభించడం రష్యా పరిశోధనా రచనలో తరచుగా కనిపిస్తాయి. ఆంగ్ల పాఠకునికి పక్కదారిగా తోచేది, రష్యా పాఠకునికి రచయిత పాండిత్యానికి గుర్తు.

3. కాప్లాన్ బొమ్మలు

1966లో అమెరికా పండితుడు రాబర్ట్ కాప్లాన్ విదేశీ విద్యార్థుల వ్యాసాలు చదివి, ఆలోచనా గతులను బొమ్మలుగా గీశాడు. ఆంగ్లానికి తిన్నని గీత, రష్యా భాషకు వంకరలు తిరిగే గీత, సెమిటిక్ భాషలకు సమాంతర గీతలు. ఒక జాతి ఆలోచనను ఒక గీతలో బంధించారన్న విమర్శ వచ్చింది. 1987లో కాప్లానే తన మాటలను కొంత సడలించాడు. అయినా ఆ సమాంతర గీతలు మనకు క్రొత్తవి కావు. హెబ్రీ కవిత్వంలోని సమాంతరతను రాబర్ట్ లౌత్ 1753లోనే వివరించాడు. కీర్తనకారుడు ఒకే సత్యాన్ని రెండుసార్లు చెప్పినప్పుడు దానిని పునరుక్తి దోషమని ఎవరూ కొట్టివేయరు గదా!

4. మన శైలి

మన శాస్త్ర సంప్రదాయంలో ముందు పూర్వపక్షం, తరువాత ఖండన, చివర సిద్ధాంతం. రోమా 6:1లో పౌలు ప్రతివాది ప్రశ్నను తానే వేసి జవాబు చెప్పిన తీరు దీనికి దగ్గరగా ఉంది. ఇక భాష విషయానికొస్తే, 1853లో చిన్నయసూరి నీతిచంద్రికతో గ్రాంథిక వచనానికి గౌరవం పెరిగింది. 20వ శతాబ్దపు ఆరంభంలో గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడి, 1919లో "తెలుగు" పత్రిక నడిపారు. స్ప్రాట్ వాదమూ లొమొనోసోవ్ వాదమూ మన గడ్డమీద ఇలా ఎదురుపడ్డాయి.

5. ముగింపు

ఆంగ్లంలో సిద్ధాంత వ్యాసం వ్రాసేవారు వాదనను మొదటి పేరాలోనే పెట్టాలి. అది ఆ ఇంటి మర్యాద. తెలుగులో వ్రాసేటప్పుడు ఆంగ్ల వాక్యానికి తెలుగు మాటలు తొడిగితే సంఘ పెద్దలకు అర్థం కాదు. దిద్దే అధ్యాపకులు కూడా వాదన లేకపోవడానికీ, వాదన వేరే దారిన రావడానికీ గల భేదాన్ని గుర్తించాలి. మొదటిది లోపం, రెండవది అలవాటు. అలవాటును నేర్పి మార్చవచ్చు గాని, దానిని లోపమని ముద్రవేస్తే మంచి పరిశోధకుని పోగొట్టుకొంటాము.