కాలువ ఒడ్డున చరిత్ర పాఠం



సాంకేతిక విజ్ఞానం సమాజాన్ని, ప్రకృతిని ఏ విధంగా మారుస్తుందో ఉన్నత పాఠశాల విద్యార్థులకు బోధించవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా ఇంగ్లండులోని ఆవిరియంత్రంతో ఆరంభిస్తాము. గంగావతి, సింధనూరు ప్రాంతాల తెలుగు పిల్లలకు అంత దూరం పోనవసరం లేదు. వారి పొలాలకు నీరిచ్చే తుంగభద్ర కాలువే అందుకు తగిన పాఠం.

తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది. హైదరాబాదు సంస్థానము, మద్రాసు ప్రభుత్వము కలసి చేపట్టిన ఈ రాతికట్టడానికి సున్నము, సుర్కీ వాడారు. దానికి 33 గేట్లు అమర్చారు. 1953లో కాలువలకు నీరు వదిలారు. ఆ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చారు. అక్కడి కొద్దిపాటి పొలాన్ని అమ్మి ఇక్కడ ఎక్కువ నేల కొన్నారు. తుప్పలు కొట్టి, మడులు కట్టి, వరి నాటారు. వారు నిలిచిన చోట్లే నేటి ‘క్యాంపులు’. ఈ కథను మన పిల్లలు తాతల నోట విన్నారు.

వినని కథ కూడా ఒకటి ఉన్నది. జలాశయం కింద ఎన్నో గ్రామాలు మునిగి, వేలమంది ఊళ్లు విడిచారు. ఎడమ కాలువ ఆయకట్టులో అధికభాగాన్ని జొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలకే ఉద్దేశించారు. ఎగువన వరి విస్తరించగా శివారు రైతుకు నీరు కరువైంది. నీరు నిలిచిన పొలాలు కొన్ని చౌడుబారాయి. తొలినాళ్లలో సుమారు 133 టి.ఎం.సి.లుగా ఉన్న నిలువ సామర్థ్యం పూడిక వలన 2016 సర్వే నాటికి 105 టి.ఎం.సి.ల చేరువకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, ఒక్క గొలుసుపై ఎందరి పంట ఆధారపడి ఉన్నదో అందరికీ తెలిసివచ్చింది.

ఇదంతా చెప్పడం తాతల చెమటను తక్కువ చేయడం కాదు. పంటనూ నష్టాన్నీ ఒకే లెక్కలో చూడగలగడమే ఈ పాఠం ప్రయోజనం.

నల్లబల్లపై నాలుగు మాటలు వ్రాయండి: ముంపు, పూడిక, చౌడు, శివారు. వీటిని ఇతర భాషలో నిర్వచనాలుగా వల్లించిన పిల్లవాడు తాతగారితో ఆ సంగతి మాట్లాడలేడు. తెలుగు మాట తెలిసినవాడు అడగగలడు. పిల్లల చేత ఇంట్లో మూడు ప్రశ్నలు అడిగించండి. వరికి ముందు మన పొలంలో ఏమి పండేది? ఆ నేలను ఎవరి వద్ద కొన్నాము? వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?

మూడవ ప్రశ్నకు సమాధానం బహుశా పొరుగూరి కన్నడ కుటుంబంలో దొరుకుతుంది. పిల్లలను అక్కడికి పంపడానికి, తల్లిదండ్రులారా, మీరు వెనుకాడకండి.