సారథి లేని కారు – ప్రజల నమ్మకము

కొత్త వాహనము వీథిలోనికి వచ్చినపుడు ప్రజలకు మొదట కలుగునది భయమే. 1865లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి, ఆవిరి బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలసి యుండెను. వేగము ఊరిలో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు మించరాదు. ఈ నిర్బంధములు క్రమముగా సడలి, 1896లో తేలిక బండ్లకు తొలగిపోయినవి.

మరి చక్రము పట్టువాడే లేని కారును ప్రజలు ఎట్లు నమ్ముదురు?

2004 మార్చిలో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ మొహావీ ఎడారిలో ఇట్టి వాహనములకు పందెము పెట్టినది. మార్గము 142 మైళ్లు. అన్నింటికంటె దూరము పోయినది కూడ 8 మైళ్లు దాటలేదు. 2005 అక్టోబరులో మరల పందెము జరుగగా 5 వాహనములు గమ్యము చేరినవి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారి ‘స్టాన్లీ’, లేజరు కిరణములతో ఎదుటి నేలను కొలుచుకొనుచు, 132 మైళ్లను 7 గంటల లోపుననే ముగించి గెలిచినది.

కాని ఎడారి వేరు, జనులు తిరుగు వీథి వేరు. 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీ నగరమున ఊబర్ సంస్థ పరీక్షించుచున్న కారు ఢీకొని, సైకిలు నడిపించుకొనుచు రోడ్డు దాటుచున్న ఒక స్త్రీ మరణించినది. జాతీయ రవాణా భద్రతా మండలి దీనిని విచారించినది. పరికరములు ఆమెను 5.6 సెకండ్ల ముందే కనిపెట్టినవి. అయినను గణకయంత్రము ఆమెను ఒకసారి మోటారు వాహనమనియు, ఒకసారి ఏదో వస్తువనియు, ఒకసారి సైకిలనియు భావించినది. పాదచారి అని గుర్తింపనే లేదు. దాటుటకు గీతలు గీయని చోట కూడ మనుష్యులు రోడ్డు దాటుదురను సంగతి దానికి నేర్పబడలేదు. కారులో తయారీదారు అమర్చిన అత్యవసర బ్రేకు ఆ సమయమున పనిచేయకుండ చేయబడి యున్నది. కారులో కాపలాగా కూర్చున్న ఉద్యోగి దృష్టి ఫోనుపై నున్నది.

ఈ నివేదిక అందరకు లభించినందున ఇతర సంస్థలకును పాఠమైనది. 2021 జూన్‌లో అమెరికా రోడ్డు భద్రతా శాఖ ఇట్టి ప్రమాదములను తెలుపుట సంస్థలకు విధిగా చేసినది.

అయినను 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో, మరొక కారు తగిలి పడిన పాదచారిని క్రూజ్ సంస్థ కారు సుమారు 20 అడుగులు ఈడ్చుకొని పోయినది. ఈడ్చిన సంగతిని సంస్థ అధికారులకు సరిగా తెలుపలేదు. ప్రమాదమునకు దాపరికము తోడగుటచే కాలిఫోర్నియా రాష్ట్రము అనుమతి నిలిపివేసినది. 2024 డిసెంబరులో యజమాని జనరల్ మోటార్స్ ఆ టాక్సీల పనికి ధనమిచ్చుట మానినది.

కారు ఎన్ని లక్షల మైళ్లు నడచినదో సంస్థలే చెప్పుకొనగలవు. అది ఎక్కడ, ఏల తప్పినదో సంస్థకు సంబంధము లేనివారు విచారించి వెల్లడింపవలెను. ఆ ఏర్పాటు ఉన్నచోటనే పాదచారి నిశ్చింతగా రోడ్డు దాటగలడు.