బల్ల మీద నిప్పు

హైదరాబాద్‌లో ఆదివారం మధ్యాహ్నం ఏ బార్బెక్యూ హోటల్లోకి అడుగుపెట్టినా ముందు చెవులకు పని పడుతుంది. ఒక మూల పుట్టినరోజు కేకు, దాని చుట్టూ చప్పట్లు కొడుతూ పాడే వెయిటర్లు. ఇంకో మూల ఎంతకీ లేవని ఆఫీసు బృందం. బల్ల నడుమ గుంటలో బొగ్గుల గ్రిల్లు, దాని మీద చువ్వలకు గుచ్చిన కోడి, రొయ్యలు, పనీరు, చివరికి పైనాపిల్ కూడా. పక్కన చిన్న జెండా ఒకటి. అది నిలబడి ఉన్నంతసేపూ చువ్వలు వస్తూనే ఉంటాయి, పడుకోబెడితే ఆగుతాయి. బిల్లు తలకింత. ఎంత తిన్నారన్న లెక్కే లేదు. ఈ పద్ధతిని దేశానికి అలవాటు చేసిన బార్బెక్యూ నేషన్ 2006లో ముంబైలో మొదలైంది. 2013లో హైదరాబాద్‌లోనే అబ్సల్యూట్ బార్బెక్యూస్ పుట్టింది.

మన హోటళ్ళ చరిత్రలో ఇది కొత్త సంగతే. మిలిటరీ హోటలైనా, ఇరానీ హోటలైనా, మెస్సైనా పొయ్యి వెనకింట్లో ఉండేది. తినేవాళ్ళకు కనబడేది వడ్డించే చెయ్యి ఒక్కటే. నిప్పును చూస్తూ తినాలంటే వీధిలోకి రావాలి, పాతబస్తీలో సీక్ కబాబ్ బండి దగ్గరో, పత్తర్ కా గోష్త్ కాల్చే రాయి దగ్గరో నిలబడాలి.

ఆ రాయి కథ మనల్ని అడవిలోకి తీసుకుపోతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్ళినప్పుడు వంటవాళ్ళు చువ్వలు మర్చిపోయారనీ, దిక్కుతోచక నల్లరాతి పలకను కాల్చి దాని మీదే మాంసం వేశారనీ చెప్పుకుంటారు. కట్టుకథే కావచ్చు గానీ నిజాం పెద్ద వేటగాడన్నది నిజం, నగరం కింద ఉన్నదంతా గ్రానైటన్నదీ నిజం. అంతకు చాలా ముందే, 12వ శతాబ్దంలో, కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో చువ్వలకు గుచ్చి కాల్చే మాంసం గురించి రాశాడు. అదే గ్రంథంలో వేట గురించీ చెప్పాడు. మన కాకతీయులు ఒకప్పుడు ఆ చాళుక్యులకే సామంతులు. తర్వాత 16వ శతాబ్దంలో ధూర్జటి చెప్పిన తిన్నడి కథ తెలియని తెలుగువాళ్ళుండరు. ఆ బోయపిల్లవాడు పంది మాంసం కాల్చి, రుచి చూసి, బాగున్న ముక్కలే ఏరి శివుడికి పెడతాడు. రాజైనా, బోయైనా, నిప్పు చుట్టూ కూర్చుని కాలుతుండగానే తినడం వేటగాళ్ళ అలవాటు.

ఆ అలవాటు ఇంటి పద్ధతిగా మిగిలిన నేలల్లో పినపాక ఒకటి. ఒకవైపు గోదావరి, ఇంకోవైపు అడవి, దిగువకు వస్తే మణుగూరు సింగరేణి గనులు. 2016 అక్టోబరు 11 దాకా ఖమ్మం జిల్లా, ఆ రోజు నుంచి భద్రాద్రి కొత్తగూడెం. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేయడంతో నది సరిహద్దయింది. పినపాక ఒడ్డు నిజాంది, అవతల దుమ్ముగూడెం ఒడ్డు కంపెనీ పోయి వచ్చిన రాణిది. కోయలు మాత్రం రెండు ఒడ్లా ఉన్నారు. దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ 1876లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ఈ తాలూకాల మీద, కోయల ఆచారాల మీద రాశాడు. 1909లో థర్స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద తెచ్చిన తన పెద్ద సంపుటాల్లో కోయల గురించి చెప్పినదాంట్లో చాలా భాగం కెయిన్ దగ్గర తీసుకున్నదే.

విత్తనాలు చల్లే ముందు చేసుకునే విజ్జ పండుంకు ఊరి మగవాళ్ళంతా కలిసి వేటకు పోవడం కోయల ఆనవాయితీ. దొరికింది ఏదైనా ఊరందరికీ పంపకమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి ఆ వేటను నేరం చేసింది. పండగ మిగిలింది, నిప్పు మిగిలింది, నిప్పు మీదికి నాటుకోడి వచ్చింది.

బొంగులో కోడి వండడం గోదావరి ఏజెన్సీ అంతటా కనిపిస్తుంది. దానికి పచ్చి కంక, అంటే వెదురు, కావాలి, ఎండిందైతే కోడికన్నా ముందు అదే కాలిపోతుంది. కింద కణుపు మూసుకుని ఉండేలా నరుకుతారు. ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి లోపల కూరి, మూతికి ఆకు బిగించి కుక్కుతారు. నూనె చుక్క పడదు, నీళ్ళూ పొయ్యరు. మంట పక్కన తిప్పుతూ ఉంటే పైతొక్క నల్లబడుతుంది, బొంగులోని పచ్చితడి, కోడిలోని నీరు ఆవిరై ముక్కను ఉడికిస్తాయి. పట్నంవాళ్ళు దీన్నీ బార్బెక్యూ అంటారు గానీ, కాల్చడం బొంగుకు, ఉడకడం కోడికి. ఈశాన్య రాష్ట్రాల్లో పంది మాంసాన్ని, మలేసియాలో బియ్యాన్ని ఇలాగే వండుకుంటారు.

కోడి ఎవరింట్లోనైనా ఉంటుంది. చిక్కంతా కంకతోనే. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోదావరి కొండల్లో తిరిగినప్పుడు కొండరెడ్లు కలప, వెదురు కాంట్రాక్టర్లకు అప్పుల్లో చిక్కి కూలీ చేస్తుండడం చూశాడు. 1945లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ సంగతులున్నాయి. 1979లో సారపాకలో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కాగితపు మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టింది. తర్వాత దాని గుజ్జు కోసం చుట్టుపక్కల చేలల్లో జామాయిల్ తోటలు లేచాయి. ఇంటి వెనక అడవిలో కంక కొట్టుకునే మనిషి మాత్రం ఫారెస్టు గార్డుకు భయపడే కొట్టుకున్నాడు. వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తేననీ, దాన్ని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు అడవిబిడ్డలదేననీ అటవీ హక్కుల చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది 2006లో. ముంబైలో బల్ల మీదికి గ్రిల్లు వచ్చిన ఏడాదే.

ఈ కోడికి పట్నం పేరు తెచ్చింది మాత్రం పినపాక కాదు. మారేడుమిల్లి ఘాటు రోడ్డు పక్కన, అరకులో, పర్యాటకుల కోసం వరసగా బొంగులు కాల్చే పాకలు. అక్కడి నుంచి ‘బొంగు చికెన్’ హైదరాబాద్ మెనూల్లోకి ఎక్కింది. ఒకసారి కాల్చిన బొంగు రెండోసారికి పనికిరాదు. పచ్చిది ఎప్పటికప్పుడు తెప్పించుకోవాలంటే హోటలుకు కష్టం. అందుకని ముందే వండిన కూరను బొంగులోకి ఎత్తి తెచ్చిపెట్టే చోట్లూ ఉన్నాయి. పట్టుకోవడం తేలికే: బొంగు బయట మసి ఉండదు, లోపల కూర మీద నూనె తేలుతుంటుంది.