ఫిలిపినో వలసలు: స్వదేశం విడిచి వెళ్లడంపై దృక్పథం

ఫిలిప్పీన్స్‌లో పని కోసం దేశం విడిచి వెళ్లేవారిని స్వదేశంపై మమకారం లేనివారిగా సాధారణంగా చూడరు. కుటుంబం కోసం చేసే త్యాగంగానే సమాజం దాన్ని గౌరవిస్తుంది. ఈ గౌరవం ఆ జాతి స్వభావంలోనే ఉందనడం సరికాదు. వందేళ్లకు పైగా చట్టాలు, పాలకుల అవసరాలు, జీతాల వ్యత్యాసం కలిసి దాన్ని పెంచి పోషించాయి. 1906లో తొలి 15 మంది కూలీలను హవాయి చెరకు తోటల యజమానుల సంఘం తీసుకెళ్లినప్పుడు ఫిలిప్పీన్స్ కూడా అమెరికా ఏలుబడిలోనే ఉంది. అంటే వారు వెళ్లింది తమను ఏలుతున్నవారి గడ్డకే. 1934లో అమెరికా ఒకే చట్టంతో స్వాతంత్ర్యానికి బాట వేసింది, ఫిలిపినోల రాకను ఏడాదికి 50 మందికి కుదించింది. 1965లో వలస నిబంధనలు సడలాక, ఇంగ్లిషులో, అమెరికా పద్ధతిలో చదువుకున్న నర్సులకు మళ్లీ దారి దొరికింది.

1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణాలు ఊపందుకోవడంతో ఫెర్డినాండ్ మార్కోస్ ప్రభుత్వం 1974 కార్మిక స్మృతి ద్వారా విదేశీ ఉద్యోగాలను తన చేతుల్లోకి తీసుకుంది. నిరుద్యోగం తగ్గాలి, విదేశీ మారకం రావాలి అన్నదే లెక్క. 1982లో విదేశాల్లోని కార్మికులు జీతంలో సగం నుంచి 80 శాతం దాకా బ్యాంకుల ద్వారా ఇంటికి పంపాలని, లేదంటే శిక్షలు తప్పవని ఆదేశించింది. కార్మికులు ఎదురుతిరగడంతో 1985లో ఆ శిక్షలను ఎత్తేసింది. 1988లో హాంకాంగ్‌లో ఇంటిపని చేసే మహిళలను అధ్యక్షురాలు కొరజాన్ అకీనో కొత్త వీరులుగా కీర్తించారు. 1995లో ఫ్లోర్ కాంటెంప్లాసియన్ అనే పనిమనిషిని సింగపూర్ ఉరితీసినప్పుడు మాత్రం, ఆ వీరులను కాపాడేదెవరని దేశమంతా భగ్గుమంది. అదే ఏడాది వచ్చిన వలస కార్మికుల రక్షణ చట్టం, ఆర్థిక వృద్ధి కోసం విదేశీ ఉపాధిని ప్రోత్సహించబోమని రాసుకుంది. కార్మికులను పంపడం మాత్రం ఆగలేదు.

ఎవరినీ బలవంతంగా పంపడం లేదు కదా, వచ్చే డబ్బుతో పిల్లలు చదువుకుంటున్నారు కదా అన్న వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. 2023లో బ్యాంకుల ద్వారా వచ్చిన సొమ్మే 3,300 కోట్ల డాలర్లు దాటింది. లక్షల ఇళ్లు దానిపైనే నిలబడ్డాయి. కానీ ఊళ్లోనే బతుకుతెరువు దొరికినప్పుడే వెళ్లడం నిజమైన ఎంపిక అవుతుంది. తల్లి విదేశంలో పరాయి బిడ్డను సాకుతుంటే ఆమె పిల్లలు అమ్మమ్మల, పిన్నుల దగ్గర పెరగడం ఆ డబ్బు లెక్కలోకి రాని ఖర్చు. పైగా 2020లో కోవిడ్ వేళ ప్రభుత్వం ఆరోగ్య సిబ్బంది ప్రయాణాలను ఆపి, ఆ తర్వాత ఏడాదికి ఇంతమందేనని పరిమితి పెట్టింది. స్వదేశంలో జీతాలు సరిపోని నర్సులు దీన్ని నిలదీశారు. వెళ్లమన్నా, ఆగమన్నా రాజ్యం తన అవసరాన్నే ముందు చూసుకుంది.

పరాయి పౌరసత్వం తీసుకున్నవారు దేశాన్ని వదులుకున్నట్టేనన్న మాటకూ ఇక్కడ బలం తక్కువ. 2003లో వచ్చిన చట్టాలు అలాంటివారు తిరిగి ఫిలిప్పీన్స్ పౌరసత్వం పొందడానికి, విదేశాల్లోని పౌరులు అక్కడినుంచే ఓటు వేయడానికి వీలు కల్పించాయి.