శ్రీకాళహస్తి కలంకారీలో అక్షరం

దేవాలయాల గోడలకు వ్రేలాడదీసే శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలను చిత్రాలుగానే చూడడం పరిపాటి. వాటిపై వ్రాత కూడా ఉన్నది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై చింతబొగ్గుతో రూపురేఖలు దిద్ది, ఇనుము, బెల్లం నానవేసి చేసిన నల్లని కసిమితో గీస్తారు. రాముని కనుబొమను తీర్చిన వెదురు కలమే ప్రక్కన తెలుగు అక్షరాలనూ వ్రాస్తుంది. అందుచేత గీతకూ లిపికీ ఒకే వంపు. నడుమ పెద్ద చిత్రం, చుట్టూ వరుసలుగా చిన్న ఘట్టాలు. ఆ వరుసలలో కథకు త్రోవ చూపేది వ్రాతే.

క్షీణిస్తున్న ఈ విద్యకు కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో నెలకొన్న శిక్షణ కేంద్రం ఊపిరి పోసింది. నేడు కుడ్యచిత్రాల నమూనాలు కంప్యూటరుపై తయారవుతున్నాయి. బొమ్మ చేతిగీతగా ఉండి పేర్లు అచ్చులిపిలో అతికితే, రెండూ ఒక చేతివి కావని కన్ను ఇట్టే పసిగడుతుంది. అక్షరాలనూ చేతితో గీసి తెరపైకి ఎక్కించడం కష్టసాధ్యమేమీ కాదు.